గొర్రెల రేవు మూసిన దారి

కణేకల్ దగ్గర కాలువగట్టు మీద సైకిళ్ల దారి వేసినవాళ్లు మొదట మూసేసింది గొర్రెలకాపరి దాసప్ప రేవును. మంద నీళ్లకు దిగే వాలుకు ముళ్లతీగె కట్టి, పక్కన సిమెంటు బెంచీ వేశారు. కాలువ అందాలు చూడటానికి వచ్చే బెంగళూరువాళ్లకు సైకిళ్లు అద్దెకివ్వడం నా ఉద్యోగం. వాళ్ల టైర్లకు గొర్రె పెంటికలు అంటకూడదట.

పోయినేడు కాలువకు నీళ్లు వదిలిన రోజు మంద నీళ్ల వాసన పట్టింది. తీగె ఆగిపోయినచోట, మెడలో గంటతో ముందు నడిచే పొట్టేలు కాలువలోకి దిగింది. అక్కడ గోడలు నున్నటి సిమెంటు. పొట్టేలు ఎటు పోతే మంద అటే. పొట్టేలుతో సహా సగం గొర్రెలు మునిగి చచ్చాయి.

దాసప్ప ఆ పొట్టేలు గంటను తీగెకు వేలాడదీశాడు. గాలికి అది మోగితే సైకిళ్లవాళ్లు ఆగి ఫొటోలు దిగుతారు.

మొన్న అక్కడే కనిపించాడు. మిగిలిన గొర్రెలు ఎండిన కాలువవైపే చూస్తున్నాయి.

"మళ్లా నీళ్లు ఇడుస్తారంట దాసప్పన్నా. వీటిని ఎట్ల ఆపుతావు?" అన్నాను.

"ఆపేదేందప్పా? ఈ తూరి గొడ్డలి తెచ్చుకోని ముందే వచ్చి నిలబడతా. అది కంచె మీద పడుతుందో, అడ్డమొచ్చినోని మీద పడుతుందో నాకే తెల్దు. ఆ పొద్దు నువ్వు మాత్రం ఈడ ఉండొద్దు."