తియ్యమన్నది నేనే

ఇరవై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. వేల మంది ముందు మైకు పట్టుకున్నాను. అసెంబ్లీలో మాట్లాడాను. ఆ ఒక్కటి మాత్రం బయటికి రాలేదు. నా పేరు రాయను. రాయకపోయినా మా వైపు వాళ్లకు చదవగానే తెలిసిపోతుంది.

అప్పటికి నేను వంశధార ఒడ్డున ఓ ఊరికి సర్పంచిని. మా పార్టీ పెద్దాయన అవతలి ఒడ్డున సభ పెట్టాడు. జనాన్ని ఎక్కువ తెచ్చినవాడికే టికెట్టని అందరూ అనుకుంటున్నారు. పైన ఒడిశాలో రెండు రోజులుగా వానలు. ఏరు ఎర్రగా, చప్పుడు లేకుండా పెరుగుతోంది.

పడవ నడిపే సింహాచలాన్ని మావా అని పిలిచేవాళ్లం. పడవ నిండిపోయినా నేను ఇంకా ఎక్కిస్తూనే ఉన్నాను.

“ఒరే నాయినా, సగం మందిని దించీ. ఏరు సూడు ఎలాగున్నాదో. రెండుసార్లు తిప్పుతాను,” అన్నాడు.

“టైము లేదు మావా. పెద్దాయనొచ్చేస్తన్నాడు. తియ్యి.”

“మునిగిపోతే ఏటి సేత్తావు?”

“నాను సూసుకుంతాను. తియ్యమంతన్నాను!”

నా ముఖంలోకి ఒకసారి చూసి గెడ అందుకున్నాడు.

నడి ఏట్లో పడవ ఒరిగింది. ముగ్గురు పోయారు. ఇద్దరు ఆడవాళ్లు, ఓ ముసలాయన. నేనూ ఏట్లోకి దూకాను, అది నిజం. ఒకామెను భుజాన వేసుకుని ఒడ్డుకు తెచ్చాను. ఆ ఫొటో పేపర్లో పడింది.

పడవవాడు తాగున్నాడా అని పోలీసులు నన్నడిగారు. తాగాడని చెప్పాను. సింహాచలం చుక్క ముట్టే మనిషి కాదు. ఎందుకలా అన్నాను? భయమా? టికెట్టా? ఎన్నిసార్లు తవ్వుకున్నా, పోయినవాళ్లు ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదన్న సంగతి దగ్గరే ఆగిపోతాను.

ఆయన జైలుకెళ్లాడు. నేను ఆ ఫొటోతోనే ఎమ్మెల్యేనయ్యాను, తర్వాత మంత్రినయ్యాను. అక్కడే వంతెన కట్టించాను. దాంతో సరిపోయిందనుకోవచ్చు కదా అని నన్ను నేనే అడిగేవాణ్ణి. జైలు నుంచి వచ్చాక సింహాచలం మళ్లీ పడవెక్కలేదు. మా ఊళ్లో నా ప్రతి సభకూ వచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు. చప్పట్లు కొట్టడు. తిట్టడు. చూస్తాడంతే. అటు చూపు పడితే నాకు మాట తడబడేది.

ఈ రోజు మళ్లీ నా నామినేషన్. పొద్దున్నే మా ఆవిడ గదిలోకి వచ్చింది.

“సింహాచలం మావొచ్చి వరండాలో కూకున్నాడు. ఏటి కావాలంటే, నీకే సెప్తానంతన్నాడు.”

ఇన్నేళ్లలో ఆయన మా గడప తొక్కడం ఇదే మొదటిసారి.

ఏం చెబుతాడు? ఎవరి ముందు చెబుతాడు? గొళ్లెం పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆయన నోరు విప్పకముందే నేను విప్పాలని. మీరు క్షమిస్తారని కాదు. ఆ మూడు ఇళ్ల వాళ్లు క్షమించరు, క్షమించకూడదు కూడా.

బయట డప్పులు మొదలయ్యాయి. నా పేరు పెట్టి అరుస్తున్నారు. భయం పోలేదు. అయినా చాలా కాలానికి ఊపిరి పూర్తిగా లోపలికి దిగింది. ఇక లేచి తలుపు తీయాలి.