అందరికీ ఒకే చెవుడు

తిరుపతిలో స్టాటిస్టిక్స్‌లో పరిశోధన చేస్తున్నప్పుడు, నగరి మరమగ్గాల కార్మికుల వినికిడి మీద సర్వే తలపెట్టాను. ఆ మోతలోనే మా నాయన చెవులు ముక్కాలు వంతు పోయాయి.

ఎంతమందిని పరీక్షించాలో తేల్చుకోవడానికి, ముందు కంప్యూటర్‌లో ఉత్తుత్తి మనుషుల్ని పుట్టించాను. కోడులో మామూలు ‘ఇఫ్’ అనే ఆదేశం ఒకసారికి ఒక్కరినే చూస్తుంది. ‘ఇఫ్‌ఎల్స్’ అయితే పట్టికలో ఉన్న అందరినీ ఒకేసారి చూస్తుంది: మగ్గం పనివాడైతే ఈ లెక్కన చెవుడు, కాకపోతే ఆ లెక్కన. ఒక్క వాక్యంతో ఊరంతా తయారైంది. తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. కొద్దిమందిని పరీక్షిస్తే చాలని తేలింది.

“మంచిదేనమ్మా, పరీక్ష చేసేవాళ్లు రెండు రోజులకు మించి రాలేమంటున్నారు” అన్నారు మా గైడు.

నగరిలో నాయనే ఇల్లిల్లూ తిరిగాడు. “మా పాప చెవులు చూసే మిషను తెచ్చిండాది. రాండప్పా, పెద్దాఫీసరుకు సూపించి మనకు పరిహారం అడుగుతాది!”

వచ్చిన అంకెలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏళ్లతరబడి మగ్గం నడిపిన ఒకాయనకు బాగానే వినపడుతోంది, మగ్గం ముఖమే చూడని ఇంకొకాయనకు చెవుడు. ఏ తేడా తేలలేదు. రిపోర్టు చూసిన కార్మిక శాఖ అధికారి, “మోత వల్లేనని మీ లెక్కే చెప్పడం లేదు కదా” అని ఫైలు వెనక్కిచ్చాడు.

వారం తర్వాత కోడు మళ్లీ చదివాను. ఒక్కొక్కరికీ విడిగా ఒక్కో చెవుడు అంకె తీయమని రాయాల్సిన చోట, గుంపు మొత్తానికీ ఒకే ఒక్క అంకె తీయమని రాశాను. ఇఫ్‌ఎల్స్ దాన్నే ఆ గుంపులో అందరికీ పంచేసింది, తప్పని ఒక్క మాటా చెప్పలేదు. నా ఉత్తుత్తి ఊళ్లో మగ్గం పనివాళ్లందరికీ ఒకే చెవుడు, మిగతా అందరికీ ఒకే వినికిడి. అలాంటి ఊళ్లో ఇద్దరిని చూసినా తేడా తేలుతుంది. నిజం మనుషుల్లో తేలాలంటే ఇంకా ఎంతోమందిని పరీక్షించాలి.

గైడుకు చెప్పాను. ఆయన తెరమీది కోడు చదివారు. “నేనూ గమనించలేదు. మళ్లీ సర్వేకు ఎవరూ ఒప్పుకోరమ్మా.”

ఆదివారం నగరి వెళ్లాను.

“ఆఫీసు నుంచి కాగితమేమన్నా వచ్చినాదా పాపా?” అన్నాడు నాయన.

“రాలేదు నాయనా. నేనే లెక్క తప్పు రాసినాను.”

ఆయనకు వినపడలేదు. నా తప్పును నేనే గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. వాళ్లూ పరీక్షకు వచ్చినవాళ్లే.

“సరేలే. అన్నం తిను” అని నాయన లోపలికి పోయాడు.

కోడు సరిదిద్ది, ఎంతమందిని పరీక్షించాలో ముందే తేల్చే ఆ పద్ధతి మీదే థీసిస్ రాశాను. నిరుడు డాక్టరేట్ వచ్చింది. అందులో నగరి పేరు లేదు.