జప్తు చెయ్యరని చెప్పాను

తెలీదు అనే మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా రాదు. అసలే గోదావరి వాణ్ణి, ఆపైన కువైట్‌లో షుఐబా ఫ్యాక్టరీలో గుమాస్తాని. శుక్రవారమొస్తే సబా అల్ సలేంలో మా బావమరిది గదికి మనవాళ్ళంతా ఉత్తరాలు తెచ్చి నాచేత చదివించుకునేవారు, సలహా కూడా నన్నే అడిగేవారు. ఇంకేం, నా కాలు నేల మీద నిలిచేది కాదు.

అక్కడే ఒక అరబ్బు ఇంట్లో పనిచేసే కోనసీమావిడ నన్ను అన్నయ్యగారూ అనేది. మొగుడు పోయాడు, పుట్టింట్లో చోటు లేదు. కువైట్ కష్టంతో కాకినాడలో సొసైటీ వాళ్ళు కట్టిన ఫ్లాటొకటి కొనుక్కుంది. ఆవిడకంటూ ఉన్నది ఆ రెండు గదులే. ఒకసారి సొసైటీ నోటీసు తెచ్చింది. నీళ్ళ మోటారుకీ వాచ్‌మన్‌కీ నెలనెలా ఇవ్వాల్సింది బాకీ పడిందట, కట్టకపోతే ఫ్లాటు వేలం వేస్తారట.

"తాళం వేసున్న ఇంటికి నీళ్ళేంటండీ?" అంది.

"పైసా కట్టకు. ఉండే ఇల్లు జప్తు చెయ్యకూడదని చట్టం ఉంది. మా నాన్నగారి ఇంటి మీదకి షావుకారు కోర్టుకెళ్తే జడ్జీగారే ఆపేశారు" అన్నాను. నోటీసు రెండో పేజీ తిప్పి చూడనైనా లేదు.

మరుసటేడు సెలవుకెళ్ళి, గొప్పకి ఈ సంగతి మా ఊరి ప్లీడరుగారి దగ్గర చెప్పాను. ఆయన నవ్వేశాడు. "అది సేద్యం చేసుకునే రైతుకయ్యా. మీ నాన్న రైతు గనక సరిపోయింది. సొసైటీ బాకీకి ముందు పోయేది ఆ ఫ్లాటే."

తిరిగొచ్చిన మొదటి శుక్రవారమే చెప్పి ఉంటే ఆవిడ కట్టేసుకునేది, చేతిలో జీతం ఉంది. నలుగురూ ఉన్నారని ఒక వారం చెప్పలేదు. ఎవరూ లేని వారం కూడా చెప్పలేదు. నామోషీ. నా మాట పోతుందని చూసుకున్నాను గానీ, ఆవిడ ఇల్లు పోతుందని చూడలేదు.

ఆ తర్వాత, వీలైతే ఊళ్ళోనే ఉండిపోతానని సెలవు మీద వెళ్ళిన ఆవిడ నెల తిరక్కుండా కువైట్‌కి, తను మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంటికే వచ్చేసింది. ఫ్లాటులో వేలంలో కొన్నవాళ్ళు కాపురం ఉన్నారట. గుమ్మం కూడా తొక్కనివ్వలేదట.

"మీరు చట్టం చెప్పబట్టి ధైర్యంగా ఉన్నానండి. ఆ సొసైటీ వాళ్ళే చట్టాన్ని కాదని నన్ను ముంచేశారు అన్నయ్యగారూ" అని ఏడ్చింది.

నిజం చెప్పాల్సింది అప్పుడే.

"అవునమ్మా, దొంగ వెధవలు" అన్నాను.