వెలుగు కనపడని పొయ్యి

ఆ పొయ్యి తవ్వడానికి మా తమ్ముడికి నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. నేను చెప్పినట్టు తవ్వి ఉంటే గంటలో అయిపోయేది. ఫాల్గుణ బహుళ తదియ, గురువారం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మొదలుపెట్టి ఆరుకు ఇరవై నిమిషాలు ఉందనగా ముగించాడు. ఇవన్నీ ఆ రోజే నోటుపుస్తకంలో రాసుకున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఏ విషయమైనా నెల తిరక్కుండానే ఇంకోలా చెప్పుకుంటారు.

తమ్ముడి పడవకు కొత్త ఇంజిను బిగించారు. మర్నాడు తెల్లవారగట్ల మొదటి వేట. ఇంజిను మార్చిన పడవ నీళ్లలోకి దిగే ముందు రోజు, దీపాలు పెట్టే వేళకు, పడవ ముక్కు ఎదుట ఇసుకలోనే పొయ్యి పెట్టి గంగమ్మకు పొంగలి వండాలి. ఇంట్లో వండి తీసుకురాకూడదు. పసుపు రాసిన పడవను పొంగలి అయ్యేదాకా ఇంకో చోటికి లాగకూడదు. మా నాన్న అలాగే చేశాడు, ఆయన నాన్నా అలాగే చేశాడట.

అయితే ఈసారి పడవకు ఉత్తరాన, నా అడుగులతో నూట నలభై అడుగుల దూరంలో, తాబేటి గుడ్ల దొడ్డి ఉంది. ఒడ్డున దొరికిన గుడ్లను తెచ్చి, వల కట్టిన ఆ దొడ్డిలో పాతిపెట్టి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. అక్కడ కాపలా ఉద్యోగం మా మేనకోడలిది, అంటే ఈ తమ్ముడి కూతురిదే. డిగ్రీ చదివి, రొయ్యల షెడ్డులో ఐదు నెలలు తడిసి, జ్వరం తెచ్చుకుని ఇంటికొచ్చి కూర్చున్న పిల్ల. ఈ పనిలో చేరాకే మళ్లీ మనిషైంది. చీకట్లో సముద్రం మీద మెరిసే కాస్త వెలుగును పట్టుకుని తాబేటి పిల్లలు నీళ్లవైపు పాకుతాయి. ఒడ్డున మంట కనిపిస్తే అటే తిరుగుతాయి. మంట కనిపించిందంటే కాపలా మనిషిని మార్చేస్తానని అటవీ శాఖాయన ముందే చెప్పాడు. ఆ గురువారం, గుడ్లు పాతిన నలభై ఎనిమిదో రోజున, గూడు ఒకటి విచ్చుకుంది. సాయంత్రం చీకటి పడగానే వాటిని వదలాలి.

"నాన్నా, పొంగలి ఎల్లుండి ఎట్టుకోండి," అంది పిల్ల.

"ఎల్లుండి దాకా చేపలు ఆగుతాయేటి? నీ తాబేళ్లనే ఎల్లుండి రమ్మని సెప్పు," అన్నాడు వాడు.

చివరికి పిల్లే దారి చెప్పింది. గొయ్యి తీసి అందులో మంట పెట్టాలి. పక్కనే ఇంకో గొయ్యి తీసి, రెండింటినీ అడుగున సొరంగంతో కలపాలి. గాలి రెండో గోతిలోంచి మంటకు అందుతుంది. మంట పైకి కనపడదు, బాగా మండుతుంది కాబట్టి పొగా తక్కువే. నాకు నచ్చింది. ముప్ఫై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, వెంటనే కాగితం మీద గీశాను. పొయ్యి గొయ్యి లోతు మూర, వెడల్పు జానెడు. గాలి గొయ్యి ఆగ్నేయాన, సాయంత్రం గాలి వచ్చే వైపు. మధ్యలో మూర సొరంగం.

తమ్ముడు ఆ కాగితం వైపు చూడనైనా లేదు. వాడి మూర నా మూరకంటే మూడు వేళ్లు పొడుగు.

"ఎవరి మూరతో తవ్వుతున్నావురా?"

"నా మూరతోనే. ఊర్లో వలలన్నీ నా మూరతోనే కొలుస్తారు, అప్పా."

"కుండ వల కాదురా."

మూడుసార్లు తవ్వాడు, మూడుసార్లూ సొరంగం కూలింది. పై ఇసుక పొడిగా ఉంది, తడి ఇసుక జానెడు కింద ఉంది. ముందు పై ఇసుక విశాలంగా లాగేసి తడి వచ్చాక మొదలుపెట్టమని మొదటిసారే చెప్పాను, నాలుగోసారికి విన్నాడు. సొరంగం నిలవడానికి అడుగు తీసేసిన కుండ పాతిపెడదామన్నాను. అంతే, తమ్ముడి భార్య, మా మరదలు, నెత్తీ నోరూ బాదుకుంది.

"పడవ దింపతన్నప్పుడు కుండకి సిల్లెట్టమంటావేటి వదినా! సిల్లు కుండ ఎక్కడ కొడతారో నీకు తెల్దా?"

తెలుసు. శ్మశానంలో. కుండ మాట పక్కన పెట్టేశాను. అప్పుడు పిల్ల తన డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చి, ఒక అరటి బోదె తెచ్చి పడేసింది. దాన్ని పడుకోబెట్టి, చుట్టూ తడి ఇసుక దట్టించి, మెల్లగా లాగేస్తే సొరంగం నిలబడింది. అరటి బోదె శుభం కాబట్టి మరదలూ ఒప్పుకుంది.

ఆ తర్వాత కట్టెలు. సన్నటి ఎండు సరుగుడు పుల్లలు చాలు, పొగ రాదు అని పొద్దుటినుంచి ఏడుసార్లు చెప్పి ఉంటాను. మరదలు పచ్చి కొబ్బరి మట్టలు రెండు మోపులు మోయించుకొచ్చింది. "పొంగలంటే కొబ్బరి మట్టలే," అంది. ఆ మోపుల మీద నేనే కూర్చున్నాను, పొయ్యి రగిలేదాకా లేవలేదు.

ఆరు పదికి మంట పెట్టాం. గొప్పగా మండింది, ఆ మాట చెప్పి తీరాలి. కుండ గోతిమీద కూర్చుంది, దక్షిణాన మాత్రం వేలెడు సందు వదిలాం. ఉత్తరం వైపు జానెడు ఎత్తున ఇసుక గట్టు పోశాను. దొడ్డిదాకా నడిచి వెనక్కి తిరిగి చూశాను. పడవ నల్లగా కనిపించింది, దాని ముందు వంగి కూర్చున్న మరదలు కనిపించింది. మంట లేదు. పిల్ల నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆరు ముప్ఫై ఐదుకు, అవి ఉన్న టబ్బును సముద్రపు అంచుకు మోసుకెళ్లి తాబేటి పిల్లల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇసుకమీద వదిలింది. ఎనభై నాలుగు. నేను పడవ దగ్గరికి తిరిగొచ్చాను.

సరిగ్గా అప్పుడే పాలు పొంగాయి.

పాలు పొంగగానే హారతి ఇవ్వాలి. ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులకు అలవాటు. నాలుగు గంటలు మంట దాచడానికి ఇసుకలో పొర్లిన మా తమ్ముడు, పళ్లెంలో గుప్పెడు కర్పూరం పోసి, అగ్గిపుల్ల గీసి, పడవ ముక్కు ఎదుట తలకంటే ఎత్తుగా పట్టుకుని "గంగమ్మ తల్లీ!" అని కేకేశాడు. ఒడ్డంతా తెల్లగా వెలిగింది.

"ఒరే! ఆర్పరా!"

"హారతి ఆర్పుతావేటి వదినా, నోట్లో మన్నెట్ట!" అని మరదలు అడ్డం వచ్చింది.

నేను పళ్లెం లాక్కుని గాలి గోతిలోకి వంపేశాను. కర్పూరం లోపలే భగ్గుమంది. ఆర్పలేదు, కాబట్టి గంగమ్మకు లోటు చెయ్యలేదనే ఇప్పటికీ అంటాను. మరదలు ఒప్పుకోదు. వెలుగు బయట ఉన్నది అర నిమిషం.

పిల్ల పరిగెత్తుకొచ్చింది. "ఎవులు ఎట్టినారు ఆ మంట?" అని అరిచింది.  మూడు తాబేటి పిల్లలు నీళ్లకు వెనుదిరిగి పడవ వైపు పాకడం మొదలుపెట్టాయట. వాటిని చేతుల్లో పట్టుకుంది. తీసుకెళ్లి నీళ్ల దగ్గర వదిలి, అవి మునిగేదాకా నిలబడింది. ఎనభై నాలుగుకు ఎనభై నాలుగూ వెళ్లాయి.

అయినా దొడ్డి రిజిస్టరులో ఒక గడి ఉంటుంది, ఒడ్డున వెలుగు ఉందా లేదా అని. పిల్ల పెన్ను పట్టుకుని కూర్చుంది.

"నేదు అని రాసీ. ఎవులు సూసినారు?" అంది మరదలు.

పిల్ల నా వైపు చూసింది. "నువ్వు సెప్పత్తా."

లెక్క తప్పిన పిల్లల్ని రబ్బరుతో చెరపనివ్వకుండా బతికినదాన్ని. అయినా ఆ గడిని రెండుసార్లు చదివాను. ఆ ఉద్యోగం పోతే పిల్ల మళ్లీ గోడకు ముఖం పెట్టి పడుకుంటుందని తెలుసు. చివరికి, "ఉంది. ఆరు నలభై రెండు. కర్పూరం. అర నిమిషం," అన్నాను. పళ్లు కొరుకుతూ రాసింది. రాత్రి అన్నం తినలేదు. వాళ్ల నాన్నతో మాట్లాడలేదు, నాతోనూ మాట్లాడలేదు.

శనివారం అటవీ శాఖాయన వచ్చి రిజిస్టరు చూశాడు. గొయ్యి కూడా చూశాడు, చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత తమ్ముణ్ని పిలిచి, కాపలా ఈ అమ్మాయే ఉండాలంటే గుడ్ల కాలం అయ్యేదాకా పడవను ఇక్కడ నిలపకూడదు, మూడు వందల అడుగులు దక్షిణానికి జరపాలి, ఒప్పుకుంటూ కాగితం రాసివ్వాలి అన్నాడు.

"మా తాత నిలిపిన సోటు అది," అన్నాడు తమ్ముడు.

ఆయన రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. పిల్ల దొడ్డి వల ముడి ఒకటి విప్పి మళ్లీ వేస్తూ నిలబడింది. తమ్ముడు కూతురి వైపు చూశాడు. పొంగలి అయిపోయింది, ఇక పడవ లాగితే దోషం లేదని నేను గుర్తు చెయ్యబోయి, ఈ ఒక్కసారికి ఊరుకున్నాను. వాడు కాగితం నా చేతికిచ్చి రాయమన్నాడు. కింద సంతకం చేశాడు.

ఆ సాయంత్రం ఎనిమిది మంది పడవకు భుజాలు ఆనించారు. సగం దూరం లాగి వాడు ఆగిపోయి, ఇక్కడ చాలన్నాడు.

దొడ్డి దగ్గర్నుంచి పిల్ల గొంతు వినిపించింది, రెండు రోజుల తర్వాత మొదటిసారి: "సాలదు నాన్నా! ఇంకా లాగు!"

తిట్టుకుంటూ వంగి లాగాడు.