జయరావు మాస్టారి పడుకున్న మొక్కలు

జయరావు మాస్టారింట్లో ఇంతవరకూ ఏదీ చచ్చిపోలేదు. అన్నీ పడుకుంటాయి. పెరట్లో స్కూటరు ఏడేళ్ళుగా పడుకునే ఉంది. హాల్లో గోడగడియారం పదీ ఇరవైకి పడుకుంది. మిక్సీ అయితే నిరుడు క్రిస్మస్ నాడు, గారెల పిండి సగంలో ఉండగా, ఇల్లంతా పొగ వదిలి మరీ పడుకుంది. పాత సామాన్లవాడు నల్లపాడంతా తిరుగుతాడు గానీ మాస్టారి గేటు ముందు బండి ఆపడం ఎప్పుడో మానేశాడు.

"పోయిందండీ అది!" అని భార్య రెబ్కా నెత్తీ నోరూ కొట్టుకుంటే, "పోలేదు రెబ్కా, పడుకుంది. లేస్తుంది," అంటారాయన. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషి! ఆ పిల్లలకి ఏం చెప్పారో, వాళ్ళు పరీక్షల్లో ఏం రాశారో ఆ ప్రభువుకే తెలియాలి అనుకునేది రెబ్కా.

మొన్న ఫిబ్రవరిలో రిటైరైన టీచర్లంతా కలిసి ఊటీ వెళ్ళొచ్చారు. అందరూ చాక్లెట్లూ, నీలగిరి తైలమూ తెచ్చుకుంటే ఈయన ఆరు మొక్కలు ఒళ్ళో పెట్టుకుని రైలు దిగారు. వెల్లుల్లి ఆకుల్లాంటి పొడుగాటి ఆకులు, మధ్యలోంచి నిటారుగా ఒక కాడ, ఆ కాడ చివర పువ్వు. పైన ఎరుపు, కింద పసుపు, కొలిమిలోంచి అప్పుడే తీసిన చువ్వలాగా ఉంది. పేరు రెడ్ హాట్ పోకర్.

మిరప పండే చోట ఎర్రగా ఏది కనిపించినా జనం అడిగేది ఒకటే.

"ఎకరాకి ఎన్ని క్వింటాళ్ళు మాస్టారూ?" అన్నాడు పాలు పోసే చెంచయ్య.

"ఇది పువ్వయ్యా. చూడ్డానికి."

"ఘాటెక్కువా?"

"తినరయ్యా బాబూ దీన్ని!"

"మరెందుకండీ పెంచడం?" అని చెంచయ్య జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఆదివారం ఆరాధనయ్యాక పాస్టరు గారు కూడా మాస్టారిని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "ఎకరాకీ..." అని మొదలుపెట్టారు.

చలిలో పుట్టిన మొక్కలు గుంటూరు ఎండకి ఎన్నాళ్ళు ఆగుతాయి? రోళ్ళు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి ఆరుకి ఆరూ ఎండి చీపురుపుల్లలయ్యాయి. మాస్టారు మాత్రం కుండీల మీద తడి గోనెసంచులు కప్పి, వంటింట్లో టేబుల్ ఫ్యాను తీసుకెళ్ళి వాటి ముందు పెట్టారు.

"మొక్కలకి పునరుత్థానం ఉందని ఏ పాస్టరు గారు చెప్పారండీ మీకు?" అంది రెబ్కా, చెమట తుడుచుకుంటూ.

"పునరుత్థానం పోయినవాళ్ళకి. ఇవి పడుకున్నాయి."

ఫ్యాను పోతే పోయింది, రెబ్కా సర్దుకునేదే. ఆవిడకి ఒళ్ళు మండింది పక్కింటి వీరాంజనేయులు విషయంలో. అతను మాస్టారి దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడు. ఊరవతల నాలుగెకరాల్లో మిరప వేస్తే వరసగా రెండేళ్ళు నల్ల తామరపురుగు పూతంతా ఊడ్చుకుపోయింది. ఇక జన్మలో మట్టి ముట్టనని ఒట్టు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు. శివరాత్రి నుంచీ గడప దాటలేదు. టీవీలో ఏమొస్తోందో కూడా చూడడు, అది మోగుతూనే ఉంటుంది.

"ఈ ఏడు కూడా చేను బీడు పెడితే ఈ మనిషి ఇక లేవడమ్మగారూ," అని అతని భార్య నాగజ్యోతి గోడ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకునేది.

అలాంటివాణ్ణి పట్టుకుని మాస్టారు గోడ మీంచి కేకేశారు. "ఒరేయ్ వీరాంజనేయులూ! నడుం పట్టేసిందిరా నాకు. పొద్దునో బకెట్టు, సాయంత్రమో బకెట్టు ఈ మొక్కలకి పోసిపెట్టు."

మాస్టారి మాట తీసెయ్యలేక అతను కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. రెండోరోజు మాస్టారు, "కాస్త మట్టి గుల్ల చెయ్యరా," అన్నారు.

"మట్టి ముట్టనని ఒట్టేసుకున్నాను మాస్టారూ."

"ఇది గుంటూరు మట్టి కాదురా, ఊటీ మట్టి. నీ ఒట్టు దీనికి వర్తించదు."

రెబ్కా ఆ రోజు మొగుణ్ణి కడిగిపారేసింది. "న్యాయంగా ఉందా మీకు? కష్టంలో ఉన్నవాడి చేత ఎండుపుల్లలకి నీళ్ళు మోయిస్తారా? మొదటి వానలోగా ఇవి లేవకపోతే కుండీలతో సహా కుప్పలో పారేసి గోంగూర వేసుకుంటాను. చెబుతున్నా!"

తర్వాత వారంలో రెబ్కా చర్చిలో స్త్రీల కూడిక నుంచి తొందరగా ఇంటికొచ్చింది. వచ్చేసరికి మాస్టారు పాతిక కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని, ఈల వేస్తూ మెట్లెక్కుతున్నారు.

"మీ నడుం నొప్పేదండీ?"

మాస్టారు మెట్టు మీదే ఆగిపోయారు. "పడుకుంది," అన్నారు.

రెబ్కా దారికి అడ్డంగా నిలబడింది. మాస్టారు బస్తా దించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "నేను సైన్సు మాస్టార్ని రెబ్కా. ఆ మొక్కల సంగతి నాకు తెలియదా? వాణ్ణి రోజుకి రెండుసార్లు ఆ టీవీ ముందునుంచి లేపడానికి ఇంకే వంకుంది నాకు?"

రెబ్కా పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఆ సాయంత్రం నుంచీ వీరాంజనేయులికి పెద్ద గ్లాసుతో కాఫీ అందేది. గోంగూర ఊసు మళ్ళీ ఎత్తలేదు. పైగా ఆకాశంలో మబ్బు కనపడితే ఆవిడకే గుండె గుభేలుమనేది. వాన పడితే నీళ్ళు మోసే పని ఉండదు, ఆ వంకా ఉండదు.

ఆరుద్ర కార్తెలో ఆ వాన పడనే పడింది. భార్యాభర్తలిద్దరూ వసారాలో దిగాలుగా నిలబడ్డారు. అంతలో వీరాంజనేయులు గోడ దూకి తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"అలా చూస్తారేంటి మాస్టారూ, పట్టండి! కొట్టుకుపోతాయి!" అంటూ ఒక్కో కుండీ వసారాలోకి లాగి, పైనున్న గోనెసంచులు తీసేశాడు. ఆరు కుండీల్లోనూ పచ్చగా, ఒత్తుగా మొలకలు!

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఇదెలారా? అవి చచ్చిపోయాయి కదరా!"

రెబ్కా నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపరంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"మొదటి వారమే పోయాయండి," అన్నాడు వీరాంజనేయులు. "మట్టి గుల్ల చేస్తుంటే వేళ్ళన్నీ కుళ్ళి ఊడొచ్చాయి. మీరు తట్టుకోలేరని చెప్పలేదు. మీ కోసమని రోజూ వచ్చి ఉత్త మట్టికే నీళ్ళు పోశా. ఎన్నాళ్ళని ఉత్త మట్టికి పోస్తాం? మొలక ఎలా ఉంటుందో చూద్దామని కొత్త రకం మిరప గింజలు చల్లా. వందకి తొంభై లేచాయి మాస్టారూ! రేపే చేలో నారుమడి పోస్తా."

"చూశావా రెబ్కా?" అన్నారు మాస్టారు గొంతు సవరించుకుని. "లేస్తుందని నేను చెప్పలా?"

రెబ్కా కొంగుతో కళ్ళొత్తుకుంది. "అది సరే గానీ వీరాంజనేయులూ, ఎకరాకి ఎన్ని క్వింటాళ్ళు?"

రెండేళ్ళుగా ఆ ప్రశ్న వింటే మొహం తిప్పుకునేవాడు. ఇప్పుడు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "పాతిక ఎక్కడికీ పోవమ్మగారూ!"

అంతలో పెద్ద ఉరుము ఉరిమి కరెంటు పోయింది. పక్కింట్లో మోగుతున్న టీవీ టక్కున ఆగిపోయింది. వీరాంజనేయులు అటు తిరగబోతే మాస్టారు అతని భుజం పట్టుకుని ఆపారు.

"దాన్ని మాత్రం పడుకోనీరా," అన్నారు.