మూడు రోజులకోసారి దిగిపోయే ఛార్జ్

కోర్టులో ఆయన్ని అందరూ టకటక అంటారు. సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చేసే స్టెనో. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. సాక్షి భోరున ఏడ్చినా, వకీళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చినా ఈయన వేళ్ళు మాత్రం ఆగవు. ఇన్నేళ్ళలో ఒక్క మాట పోగొట్టలేదని మహా గర్వం. ఉండనివ్వండి, ఎవరి గర్వం వాళ్ళకుంటుంది.

ఆ గర్వం పోయిన నెలలో మంట గలిసింది. లారీ గుద్ది కొడుకును పోగొట్టుకున్న ఒక ముసలావిడ అరగంట సేపు, ఆగి ఆగి, సాక్ష్యం చెప్పింది. ఆవిడ చెబుతూ ఉండగానే టకటక ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్ ఛార్జ్ అయిపోయి గుడ్లు తేలేసింది. చెప్పిందంతా పోయింది.

"మళ్ళీ చెప్పమ్మా" అన్నారు జడ్జిగారు.

"మళ్ళీనా బాబూ?" అంది ఆవిడ.

మళ్ళీ చెప్పింది పాపం. మొదటిసారి ఎడమ పక్క అన్నది రెండోసారి కుడి పక్క అయింది. అవతలి వకీలుకు అంతకంటే ఏం కావాలి, పండగే పండగ. జడ్జిగారు టకటకని ఛాంబర్‌లోకి పిలిచి, "చూడవయ్యా, ఇంకోసారి ఇలా జరిగిందా, ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారు. నువ్వు రికార్డు రూములో దుమ్ము దులుపుకోవచ్చు" అన్నారు. ఆ ముసలావిడ కేసుకే మరో వాయిదా వేశారు. అదే ఈయనకు ఆఖరి అవకాశం.

ఛార్జర్ పెట్టుకుని టైపు చేయొచ్చు కదా అంటారేమో. ఆయన కుర్చీ దగ్గర ప్లగ్గు లేదు. ఒకప్పుడు అవతలి గోడ నుంచి వైరు లాగేవాళ్ళు. ఒక వకీలుగారు ఆ వైరు తట్టుకుని బొక్కబోర్లా పడ్డ నాటి నుంచి అదీ బంద్. అందుకని ఆయన రోజూ సాయంత్రం ఇంట్లో నిండా ఛార్జ్ పెట్టి, పద్ధతిగా ఆఫ్ చేసి, బ్యాగులో పెట్టి జిప్పు లాగేస్తాడు. మళ్ళీ తెరవడం కోర్టులోనే. ఆపేసిన ల్యాప్‌టాప్ ఛార్జ్ ఎవడు తాగేస్తున్నాడన్నదే ఇప్పుడు ప్రశ్న.

గుమస్తా ఒకాయన, ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది, అది తీసేయమన్నాడు. తీసేశాడు. ఇంకొకాయన మౌస్ తాలూకు చిన్న ముక్కను పీకేయమన్నాడు. పీకేశాడు. బ్యాటరీ కూడా కొత్తది వేయించాడు. చివరికి అలవాటైన పద్ధతిలో సాక్ష్యం రాసుకున్నాడు. సోమవారం ఉదయం తొంభై తొమ్మిది శాతం. మంగళవారం తొంభై తొమ్మిది. బుధవారం అరవై మూడు. మళ్ళీ రెండు రోజులు బంగారంలా ఉండి, మూడో రోజు అరవై ఐదు. ఆ కాగితం చూసుకుంటుంటే ఆయనకు పిచ్చెక్కినంత పనయింది.

ఆ కోపమంతా ఇంటి మీదే. మొదట తొమ్మిదో తరగతి చదివే కూతురు మీద పడ్డాడు.

"నువ్వేనా నా ల్యాప్‌టాప్‌లో సినిమాలు చూస్తున్నది?"

"ఆ బ్యాగు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నావుగా నాన్నా. పరీక్షలున్నాయి, చేతులతో పనుంది నాకు" అంది ఆ పిల్ల.

నిజమే, ఆ ఇంట్లో అదొక శాసనం. బ్యాగు జోలికి ఎవ్వరూ పోరు. తరవాత వంటింట్లో ఉన్న భార్యను పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి కేకే పెట్టాడు.

"ఎన్నిసార్లు పిలవాలే? చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కుక్కర్ మోతండీ" అంది. కుక్కర్ పొయ్యి మీద లేదు, దించి గట్టు మీద పెట్టి ఉంది. అది ఈయన చూస్తేగా! మాటకి రెండుసార్లు 'ఏంటండీ' అనడం ఆవిడకు ఈమధ్య అలవాటైపోయింది. ఆ మధ్య తమ్ముడూ మరదలూ వచ్చినప్పుడు కూడా, "ఒరే, మీ వదినతో మాట్లాడాలంటే ఇంట్లో మైకు పెట్టించాలిరా" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆవిడ పసిపిల్లల బడిలో టీచరు. రోజంతా ఆ గోలలో ఉండి ఉండి ఇంటికొచ్చేసరికి బుర్ర పనిచేయదని ఈయన తీర్మానించేశాడు.

వాయిదాకు ముందు కోర్టుకు వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. టకటక ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్ళి బజార్లో మెట్ల కింద రిపేరు షాపు నడిపే ఆవిడకు అప్పగించాడు. కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని పనిచేసే మనిషి. మాట కరుకు, పని శుభ్రం. మూడో రోజు సాయంత్రం వెళ్తే ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూపించింది.

"మూడు రోజులు ఆఫ్ చేసి పక్కన పెట్టాను సార్. రెండంటే రెండు శాతం తగ్గింది. దీనికి ఏ రోగమూ లేదు. మీ ఇంట్లోనే ఏదో జరుగుతోంది."

"మా ఇంట్లో ఏం జరుగుతుందమ్మా?"

ఆవిడ ల్యాప్‌టాప్ పక్కనున్న యూఎస్‌బీ రంధ్రం చూపించింది. దాని పక్కన చిన్న మెరుపు గుర్తు ఉంది. "ల్యాప్‌టాప్ ఆపేసినా దీంట్లోంచి కరెంటు వస్తుంది, ఫోన్లూ గట్రా ఛార్జ్ చేసుకోవడానికి. మూడు రోజులకోసారి ఎవరో దీనికి ఏదో తగిలిస్తున్నారు."

"నా బ్యాగు ముట్టుకునే ధైర్యం ఎవరికుంది మా ఇంట్లో?"

"ధైర్యమో, అవసరమో. సెట్టింగ్స్‌లో దీన్ని ఆపేయొచ్చు. ముందు ఇంట్లో ఓసారి అడిగి చూడరాదూ?"

"అడిగేదేంటి? పీడా పోతుంది, ఆపేయండి" అన్నాడు.

ఆపేసింది. ఆయన ఇంటికొచ్చి నిండా ఛార్జ్ పెట్టి, బ్యాగులో పెట్టి, జిప్పు లాగాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

మర్నాడు కోర్టులో ల్యాప్‌టాప్ మూత తెరిచాడు. తొంభై తొమ్మిది! ముసలావిడను అవతలి వకీలు రెండు గంటలు తిప్పి తిప్పి అడిగాడు. ఆవిడ తొణక్కుండా చెప్పింది, ఈయన ఒక్క అక్షరం పోనివ్వకుండా కొట్టాడు. కాగితాల మీద ఆవిడ వేలిముద్ర వేసి, "అంతా వచ్చిందా బాబూ?" అని అడిగింది. "అంతా వచ్చిందమ్మా" అన్నాడు. జడ్జిగారు లేస్తూ ఈయన వంక చూసి తల ఊపారు. సాయంత్రం దాకా ఇంకో రెండు కేసులు నడిచాక కూడా నలభై ఒకటి మిగిలింది. ఆయనకు ఏనుగెక్కినంత సంబరం. దారిలో భార్యకు ఇష్టమని కిలో ద్రాక్షపళ్ళు కొన్నాడు.

ఇంటి తలుపు తీసే ఉంది. ఆవిడ వీధి గుమ్మానికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన తెరవని లంచ్ బాక్సు.

"ఏమే, నా కుర్చీ నాకే ఉంది! తొంభై తొమ్మిది!" అన్నాడు గుమ్మంలోంచే.

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకే చెప్పేది! గోడతో మాట్లాడుతున్నానా నేను?" అంటూ ఎదురుగా వెళ్ళాడు.

ఆవిడ కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఒళ్ళో చిక్కుడు గింజలంత వస్తువులు రెండు, ఒక తెల్ల డబ్బా, దానికి పొట్టి వైరు. ఆ వైరు చివర చూడగానే ఆయనకు ఆ మెరుపు గుర్తు రంధ్రం గుర్తొచ్చింది.

"చెవి మిషన్లండీ" అంది ఆవిడ, కాస్త పెద్ద గొంతుతో. "ఏడు నెలలైంది. డబ్బాకి ఒకసారి ఛార్జ్ పెడితే మూడు రోజులొస్తుంది. ఇల్లు చేరే ముందు తీసేసేదాన్ని. మీ బ్యాగు ఒక్కటే కదా ఈ ఇంట్లో ఎవరూ తెరవనిది, అందుకని అందులో ల్యాప్‌టాప్‌కే పెట్టేదాన్ని. రాత్రీ పెట్టాను. ఎందుకో ఎక్కలేదు. పొద్దున్న హడావిడిలో లైటు చూసుకోలేదు."

ఆయన ద్రాక్షపళ్ళ సంచి కింద పెట్టాడు.

"పదకొండింటికి రెండూ ఆగిపోయాయి. ఒక బాబు బాత్రూములో గడియ పడి ఇరుక్కుపోయాడు. పావుగంట ఏడ్చాడట. నేను ఆ తలుపు బయటే బొమ్మలు సర్దుతున్నాను. పై అంతస్తు నుంచి పెద్ద టీచరుగారు పరిగెత్తుకొచ్చి తీశారు. వాడికేం కాలేదు. రేపటి నుంచి నన్ను రావద్దన్నారు."

"ఇంకోసారి చూద్దామనైనా అనలేదా?" అన్నాడు ఆయన.

ఆవిడ ఆయన పెదవుల వంకే చూసింది. అర్థం కాలేదు. ఆయన బ్యాగు జిప్పు లాగి ల్యాప్‌టాప్ తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. పక్కన నిలబడి టైపు చేశాడు. 'నాకెందుకు చెప్పలేదు?'

ఆవిడ చదువుకుంది.

"చెబుదామనే అనుకున్నాను. మీ తమ్ముడు వాళ్ళొచ్చిన రోజు మీరేదో అన్నారు, అందరూ నవ్వారు. నాకు సరిగ్గా వినపడలేదు, అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. తరవాత అమ్మాయిని అడిగితే, మైకు పెట్టించాలన్నారని చెప్పింది."

ఆయన మళ్ళీ వేళ్ళు మీటల మీద పెట్టాడు. తెర మీద గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఎంతసేపున్నా ఆ వేళ్ళు కదల్లేదు.

చివరికి ఆవిడ ఒళ్ళోంచి డబ్బా తీసుకుని, ఆ గింజలు రెండూ అందులో పెట్టాడు. తన ఫోన్ ఛార్జర్‌కు ఆ వైరు తగిలించి, హాల్లో గుమ్మం ఎదురుగా, వచ్చేవాళ్ళందరికీ కనబడే ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేశాడు. ఎర్ర లైటు వెలిగింది.

"పచ్చగా మారడానికి మూడు గంటలు పడుతుందండీ" అంది ఆవిడ.

ఆయన కుర్చీ లాక్కుని ఆవిడకు ఎదురుగా, ముఖం కనబడేలా కూర్చున్నాడు.