వీరుడి పేగులు, మా వంశం గుర్రం

మా ముత్తాతగారి తాత పాళెగారి కొలువులో గుర్రపు దళానికి నాయకుడు. మా ముత్తాత సుగటూరు చుట్టుపక్కల ఊళ్ళకు పటేలు. మా తాత గుమ్మం ముందు నుంచి వెళ్ళేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు. మా నాన్న కాలానికి చెప్పులు కాళ్ళకే ఉండేవి గాని నడక కాస్త నెమ్మదించేది. నా కాలానికి మోటారు సైకిళ్ళు వచ్చాయి. వాటి మీద పోయేవాళ్ళు మా పాత గుమ్మం దగ్గర హారన్ కొడతారు. దాన్ని నేను గౌరవం కిందే జమ వేసుకుంటాను.

ఇప్పుడు మారికుప్పంలో అద్దెకుంటున్నాను. ఉద్యోగంలో సగం బెంగళూరు రైలులో నిలబడే చేశాను. రిటైరయ్యాక నిలబడవలసిన అవసరం తీరింది కనుక, కూర్చుని యుద్ధాలు చేయడం మొదలుపెట్టాను. మనుషులు, ఫిరంగులు, కూలిన గోడలు, అన్నీ అసలులో ముప్పై అయిదో వంతు సైజులో, ఒక పీట మీద, ఏదో ఒక క్షణం దగ్గర ఆగిపోయినట్టు పేర్చడం. దాన్ని డయోరామా అంటారు. ఈ పనిలో నాకు తోడు, పోటీ, తలనొప్పి మొత్తం ఒక్కడే. అతను మా వీధి పళ్ళ డాక్టరు. ఇక్కడి బంగారు గనుల్లో పనిచేసిన కుటుంబం వాళ్ళది. ఆదివారం చర్చి అవగానే ఇస్త్రీ మడత నలగకుండా వచ్చి మా వరండాలో కూర్చుని సైనికులకు రంగులు వేస్తాడు.

మా ఇద్దరికీ ఉన్న తగాదా ఒక్కటే, రక్తం. నా యుద్ధాల్లో అది ఉండదు. చచ్చినవాడు ఉంటే బోర్లా పడుకుని ఉంటాడు, నిద్రపోయాడని కూడా అనుకోవచ్చు. డాక్టరు యుద్ధాల్లో రక్తం తప్ప ఏమీ ఉండదు. ఎరుపులో కొంచెం గోధుమ రంగు కలిపి, పైన వార్నిష్ పూసి, టూత్ బ్రష్షు వెంట్రుకలు గోటితో మీటి చిలకరిస్తాడు. ముప్పై అయిదో వంతు మనిషి మీద పడిన ఒక్క చుక్క అసలు లెక్కలో కుండెడు అవుతుందని ఎన్నిసార్లు చెప్పినా వినడు. పేగులకైతే కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే గులాబీ మైనం. ఇంత తాజా పేగులు జిల్లాలో ఎవరూ చేయలేరని అతని నమ్మకం. పోటీకి వచ్చినవాడెవడూ లేడు గనుక నేనూ కాదనలేదు.

"అన్నా, మీ సిపాయిలు యుద్ధానికి పోయినారా, ఫొటో తీయించుకునేదానికి పోయినారా?" అనేవాడు.

"మా వాళ్ళు చచ్చినా పద్ధతిగా చస్తారప్పా" అనేవాణ్ణి.

"నా కుర్చీలో ఒకసారి నోరు తెరచి కూర్చోండి. పద్ధతి యాడుంటాదో చూపిస్తా."

నిజానికి మేమిద్దరమే కాదు, ఈ పని చేసేవాళ్ళంతా ఇంతే. ట్యాంకు చక్రానికి బురద ఎంత అంటాలి, తుప్పు ఏ రంగులో ఉండాలి అని పూటంతా వాదించుకునే పెద్దమనుషులు, ఆ ట్యాంకు కింద పడ్డవాడి సంగతి వచ్చేసరికి టీ తాగడానికి లేస్తారు. నేను కూడా లేచేవాణ్ణే. కాకపోతే నా టీ వంశ మర్యాద.

ఇలా ఉండగా ఊరి నుంచి కబురు వచ్చింది. మా ఊళ్ళో పొలం గట్టున ఒక వీరగల్లు ఉంది. యుద్ధంలో చచ్చినవాడి గుర్తుగా నిలబెట్టిన చెక్కుడు రాయి. ఏటా జాతరకు దానికి నూనె, పసుపు, కుంకుమ పూస్తారు. పాత పూత మీదే కొత్త పూత, కడగడం లేదు. నీళ్ళు తగిలితే వీరుడి బలం పోతుందని పట్టింపు. ఆ వీరుడు గుర్రపు దళం నాయకుడైన మా పెద్దాయనే అని మా ఇంటి మాట. రాతి ఎడమ పక్క పొడుచుకు వచ్చిన గుర్రం తల మాకు సాక్ష్యం. అందుకే జాతరలో మొదటి దీపం మా ఇంటిది. మాకంటూ మిగిలింది ఆ దీపం ఒక్కటే.

పాల సంఘం సెక్రటరీ ఇంటివాళ్ళు మాత్రం ఆ వీరుడు తమవాడని, దొంగలు ఆవులు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చాడని అంటూ వచ్చారు. ఇన్నాళ్ళూ మెల్లగా అన్నారు. పాలు పెరిగాక గట్టిగా అన్నారు. ఇప్పుడు రాయికి ఒక గది కడుతున్నారు. లోపల గాజు పెట్టెలో ఆ యుద్ధం బొమ్మ పెట్టాలని, ఈ పని తెలిసిన ఊరివాణ్ణి గనుక అది నేనే చేయాలని, దాన్ని చూసి వీరుడు ఏ ఇంటివాడని ఊరు ఒప్పుకుంటే ఆ ఇంటివాళ్ళే ఇకపై మొదటి దీపం పెట్టాలని ఊరి పెద్దల తీర్మానం.

న్యాయమూర్తి కలం నా చేతికే ఇచ్చినట్టయింది. మా పెద్దాయనను తెల్ల గుర్రం మీద, నిటారుగా, కత్తి ఎత్తి, మచ్చ లేకుండా నిలబెట్టాను. తలపాగాలో ఒక్క మడత చెదరలేదు. బట్ట కప్పి బస్సులో తీసుకుపోయి, రాయి ముందు పెట్టి, బట్ట తీశాను.

ఊరు చాలాసేపు చూసింది. సెక్రటరీ వాళ్ళ అవ్వ వంగి, ఇంకా వంగి చూసింది.

"పెండ్లికొడుకు బాగుండాడు పటేలప్పా" అంది. "పెండ్లికూతురు యాడ?"

నవ్వారు. మా గుమ్మం దగ్గర హారన్ కొట్టేవాళ్ళే ఎక్కువ నవ్వారు.

"యుద్ధం అంటే ఒక చుక్క రక్తమన్నా ఉండల్ల కదప్పా" అన్నాడు సెక్రటరీ. "మా ఆవు ఈనితేనే దీనికంటే ఎక్కువ ఉంటాది."

వెనక నుంచి డాక్టరు, "నేను అదే చెప్పినా" అన్నాడు. అతణ్ణి నేనే తోడు తీసుకుపోయాను.

నాకు పౌరుషం వచ్చింది. మా వంశంలో భూములన్నీ అలా పౌరుషం వచ్చినప్పుడే పోయాయి. "రాతి మీద ఎన్ని గాయాలు ఉంటే అన్నీ పెడతాను" అన్నాను. "ఒక్క చుక్క ఎక్కువ పెట్టను, ఒక్క చుక్క తగ్గించను. గాయాలు ఎక్కడున్నాయో చూపించండి."

ఎవరూ చూపించలేకపోయారు. రాతి మీద బొమ్మ ఉందని అందరికీ తెలుసు, పూత కింద అది ఎలా ఉందో చూసినవాడు మాత్రం లేడు. కడుగుదామంటే నీళ్ళ పట్టింపు. అప్పుడు డాక్టరు చొక్కా చేతులు మడిచాడు.

"నీళ్ళు తగలకూడదు, అంతే కదమ్మా? నేను నీళ్ళు ముట్టుకోను. పండ్ల మీద గార తీసేది నా పనే. ఇది ఇంగ కొంచెం పెద్ద పన్ను."

అవ్వ ఆలోచించింది. "గీకేదానికి పట్టింపు లేదు" అని తేల్చింది.

మరుసటి ఆదివారం అతను చర్చి ఎగ్గొట్టి, కొక్కేల్లాంటి తన ఇనుప పనిముట్లు పట్టుకుని వచ్చాడు. రాయి ముందు చాప వేసుకుని, పై నుంచి మొదలుపెట్టాడు. తరతరాల భక్తి పెచ్చులు పెచ్చులుగా రాలింది. ముందు వీరుడి ముఖం వచ్చింది. గుండ్రటి ముఖం, పెద్ద కళ్ళు. మా ఇంటి ముక్కు కాదు. ముక్కులు రాతిలో సరిగా రావని సర్దుకున్నాను. తర్వాత తొడలో బాణం వచ్చింది. తర్వాత పొట్టలో మరొక బాణం, దాని పక్కనే పొట్టను అదిమి పట్టుకున్న ఎడమ చెయ్యి, వేళ్ళ సందుల్లోంచి కిందికి జారిన ఒక మెలికల గీత. శిల్పి పేగును ఒక్క గీతలో చెప్పేశాడు. డాక్టరు చెయ్యి ఆగిపోయింది. గులాబీ మైనం గురించి అతను ఆ పూట మాట్లాడలేదు.

ఆపైన ఎడమ పక్కకు వచ్చాడు. పనిముట్టు ఆనించి కొంచెం నొక్కాడు. గుర్రం తల మొత్తంగా ఊడి అతని అరచేతిలో పడింది. నూనె, పసుపు, కుంకుమ గట్టిపడిన ముద్ద. దాని వెనక రాతి మీద రెండు కొమ్ములు, ఒక మూపురం, కింద దూడ.

అవ్వకు చూపు సరిగా ఆనదు.

"ఏమిరా, పటేలప్ప వాళ్ళ గుర్రం యాడ పోయినాది?"

"యాడికీ పోలేదవ్వా" అన్నాడు సెక్రటరీ. "డాక్టరు చేతిలో ఉండాది."

ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. అది నవ్వుకన్నా కష్టంగా ఉండింది.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో డాక్టరు మెల్లగా అన్నాడు: "అన్నా, మీరు చేయకపోతే ఎవరూ చేయలేరు. చేయనని చెప్పేయండి. బొమ్మ లేకపోతే తీర్పూ లేదు. దీపం మీకే ఉంటాది."

అది నాకు తోచలేదని కాదు. అతనికంటే ముందే తోచింది. కానీ ఊరి మధ్య నిలబడి రాతి మీద ఉన్నది పెడతానన్న మాట మా గుర్రంలాంటిది కాదు, గీకితే ఊడదు. చేశాను. నేల మీద నిలబడినవాడు, గోచీ, చేతిలో చిన్న కత్తి, వెనక ఆవు, దూడ. రక్తం దగ్గర చాలా రోజులు ఆగాను. డాక్టరు ఇంకొంచెం అన్నాడు, తర్వాత వద్దు అన్నాడు, తర్వాత మళ్ళీ ఇంకొంచెం అన్నాడు. చివరికి శిల్పి పెట్టినంతే పెట్టాను. వేళ్ళు ఆపలేకపోయినంత. చిలకరించలేదు, నేల మీద మడుగు కట్టలేదు. మా పెద్దాయన ముఖానికి ఒక్కసారే రంగు వేసినవాణ్ణి, ఈ వీరుడి ముఖానికి వేసి, తుడిచి, మళ్ళీ వేశాను. ఎందుకో తెలియదు. అతను మాకు ఏమీ కాడు.

జాతర రోజు ఊరంతా వంగి ఆ బొమ్మను చూసింది. ఒక పిల్ల ఏడిస్తే తల్లి ఎత్తుకుంది. మొదటి దీపం సెక్రటరీ ఇంటివాళ్ళు పెట్టారు. అవ్వ వత్తి వేసిన ప్రమిద ఒకటి నా ముందుకు జరిపి, "నువ్వూ పెట్టప్పా, రెండోది" అంది. మంచి మనసుతోనే అంది. మా ఇంట్లో రెండో దీపం పెట్టే అలవాటు లేదని చెప్పి, నిటారుగా నడిచి బస్సు ఎక్కాను. సీటు దొరకలేదు. నాకు అలవాటే.

తర్వాత డాక్టరు ఒకసారి వెళ్ళి చూసి వచ్చాడు. ఆడవాళ్ళు గాజు పెట్టెకు పసుపు, కుంకుమ పూస్తున్నారట. సరిగ్గా పొట్ట దగ్గర. నేను అన్ని రోజులు కొలిచి పెట్టిన రక్తం దాని వెనక కనిపించదట. గీకమంటారా అని అడిగాడు. వద్దన్నాను.

తెల్ల గుర్రాన్ని, దాని మీద కూర్చున్న మా పెద్దాయనతో సహా, బెంగళూరులో ఒక బొమ్మల దుకాణానికి అమ్మేశాను.